లుక్ రూమ్‌కి మా అమ్మ నోటి మాట: 'ఎదర ఎడం'

సినిమా తీయడం నేర్చుకునే పిల్లలు వాడే 'లుక్ రూమ్'కి తెలుగేమిటని మొన్న ఇక్కడ అడిగారు. ఫ్రేములో మనిషి ఎటు చూస్తుంటే అటు వదిలే ఖాళీ అది. ఒకరు 'దృష్ట్యవకాశం' అన్నారు, ఇంకొకరు 'చూపుచోటు' అన్నారు. నా ఓటు 'ఎదర ఎడం'కి, అంటే ముందు వదిలే ఖాళీకి. ఇది నేను పుట్టించిన మాట కాదు. విజయనగరం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద, కెమెరా ముందు కూర్చున్న మా అమ్మ నోట విన్నాను.

మా మేనల్లుడు డిగ్రీ రెండో ఏడు. ప్రాజెక్టు కోసం అయిదు నిమిషాల సినిమా తీస్తున్నాడు. గట్టు తగువుతో మాటలు మానేసిన అన్నదమ్ముల కథ. వాళ్ళ తల్లి వేషం అమ్మది. పెద్దకొడుకు వస్తాడేమోనని ఆవిడ కుడివైపు వీధి చివరికి చూస్తూ ఉండాలి. వాడు ఫోన్‌ని స్టాండుకి బిగించి తీసి, ఆవిడకే చూపించాడు. మొహం కుడి అంచుకి ఆనిపోయింది, వీపు వెనక బోలెడంత గోడ. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎదర కాసింత ఎడం ఒగ్గురా నాయినా, గోడకి మొగం ఎట్టి కూకున్నట్టుంది" అంది. మా వైపు ఒగ్గడం అంటే వదలడం.

వాడు టౌన్లో పెరిగినవాడు. ఎడం అంటే ఎడమ అనుకుని ఫోన్ ఎడమకి తిప్పాడు. దాంతో అమ్మ ఇంకా కుడికి జరిగి, ముక్కు కాస్తా ఫ్రేము దాటిపోయింది. అప్పుడు నేను కుడికి తిప్పమన్నాను. ఫోన్లో గ్రిడ్ పెడితే ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే గీతలు కనబడతాయి కదా, అమ్మ ఎడమవైపు నిలువు గీత మీదికి వచ్చింది. కుడివైపంతా వీధి, ఎండ, మలుపులో కరెంటు స్తంభం. ఆవిడ కూర్చున్న చోటు నుంచి అంగుళం కదల్లేదు. కానీ ఎదురుచూపు అన్నది అప్పుడే కనబడింది.

అమ్మకి ఈ మాట పొలం నుంచి వచ్చింది. వంగ నారు వేసినా, మిరప నాటినా మొక్కకీ మొక్కకీ ఇంత ఎడం అని జానలతో కొలిచే మనిషి. కొబ్బరికి 25 అడుగుల ఎడం ఉండాలని ఉద్దానం వైపు చుట్టాలు అంటూంటారు. మొక్క ఎదగడానికి వదిలే చోటు అది, ఊరికే మిగిలిపోయిన ఖాళీ కాదు. ఫ్రేములో ఖాళీకి కూడా అదే పని. అందుకే 'చూపుచోటు' కన్నా ఇది నాకు నచ్చింది.

ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 'ఎడ' అంటే చోటు, దూరం, సమయం. ఎడబాటు, ఎడతెగని మాటలు, ఎడతెరిపి లేని వాన అన్నప్పుడు అందులో ఉన్నది మధ్యనుండే విరామం. అదే మాట 'నా ఎడల దయ', 'పిల్లల ఎడల ప్రేమ' అన్నప్పుడు దూరం కాదు, ఒకరి వైపు మళ్ళిన మనసు. దూరానికీ, ఆ దూరం మీదుగా సాగే ప్రేమకీ ఒకే మాట! ఆ షాట్‌లో అమ్మకీ వీధి మలుపుకీ మధ్య ఉన్నది సరిగ్గా ఇదే.

'ఎడం చెయ్యి', 'ఎడం పక్క' అంటాం కాబట్టి షూటింగులో గందరగోళం అవుతుందని కింద ఒకరు రాశారు. నిజమే, మా వాడికి అయింది. కానీ ఎడమ అనే అర్థంలో 'ఎడం' పక్కన చెయ్యో, వైపో, పక్కో తోడుంటుంది. ఖాళీ అనే అర్థంలో వచ్చే క్రియలు వేరు: ఎడం ఇవ్వు, ఎడం ఉంచు, ఎడంగా జరుగు, మా వైపు ఎడం ఒగ్గు. ముందు 'ఎదర' చేర్చితే ఇక అనుమానమే ఉండదు.

కదిలే వస్తువు ముందు వదిలే 'లీడ్ రూమ్'కి కూడా ఇది సరిపోతుంది. విజయనగరం పైడితల్లి జాతరలో గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరిగే సిరిమానుని, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మానుని, మా మేనల్లుడు నిరుడు ఫ్రేముకి సరిగ్గా నడిమధ్య పెట్టి తీశాడు. మాను నిలబడిపోయినట్టే ఉంది. ఎదర ఎడం ఉన్న ఒక్క ముక్కలోనే అది సాగుతున్నట్టు కనిపించింది. తల మీది ఖాళీకి 'తలపై ఎడం' అనొచ్చు, అక్కడ నాకు పెద్ద పట్టింపు లేదు.

అన్నదమ్ముల షాట్ మాత్రం వేరుగా ఆలోచించాం. వాళ్ళిద్దరిదీ ఎడమొహం పెడమొహం. పెడచెవి, పెడదారి అన్నప్పటి 'పెడ'యే అది, మళ్ళించుకోవడం. ఇద్దరినీ అరుగు రెండు కొసల్లో కూర్చోబెట్టి, ఒకరు ఎడమ అంచుకీ ఒకరు కుడి అంచుకీ మొహం పెట్టేలా తీశాడు. ఎదర ఎడం లేదు, ఉన్నదంతా రెండు వీపుల మధ్యే. అమ్మ షాట్‌లో తప్పయినది ఇక్కడ కథ చెప్పింది. ఆ ఖాళీలో అమ్మ కాఫీ గ్లాసు ఒకటి పెట్టింది, వాడు తీసెయ్యలేదు.

శ్రీకాకుళం వాళ్ళు చెప్పండి, పొలం పనుల్లో మీ దగ్గర 'ఎడం' అంటారా, వేరే మాటుందా? మా వాడి షాట్ల కాగితంలో ఇప్పుడిలా ఉంది: "అమ్మమ్మ, మిడ్ షాట్, ఎదర ఎడం."