1996 నాటి 'జనరేషన్ ఎక్స్' టీవీ సినిమా మంచి కాపీ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మార్వెల్ కామిక్స్ ఆధారంగా 1996 ఫిబ్రవరిలో అమెరికాలో ఫాక్స్ ఛానల్ వేసిన 'జనరేషన్ ఎక్స్' కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాను. సిరీస్‌గా కొనసాగిద్దామనుకున్నారు, కుదరలేదు. బడ్జెట్ చాలక, గ్రాఫిక్స్ ఎక్కువ కావాల్సిన ఛాంబర్, హస్క్ పాత్రల్ని తీసేసి బఫ్, రిఫ్రాక్స్ అనే కొత్తవాళ్లను పెట్టారు. కామిక్స్‌లో ఛాంబర్ అంటే నాకు ప్రాణం, ఆ లోటు ఇప్పటికీ బాధగానే ఉంది. చైనా మూలాలున్న జూబిలీ పాత్రను తెల్లమ్మాయితో వేయించడం మాత్రం అస్సలు సరికాదు. అయినా, తర్వాత ఎక్స్-మెన్ సినిమాల్లోనూ కనిపించిన కెనడాలోని హ్యాట్లీ కోటను ముందే ఈ అతీత శక్తులున్న పిల్లలు చదివే స్కూల్‌గా చూపించింది ఇదే.

నా దగ్గరున్నది టీవీ నుంచి రికార్డు చేసిన పాత కాపీ, ముఖాలు కూడా సరిగ్గా కనిపించవు. అధికారికంగా డిస్క్ ఏమైనా వచ్చిందా? ఇండియాకు తెప్పించుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.