యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద సామాజిక పరిశోధన: గ్రాంట్ ఇచ్చేవాళ్లకి ఎలా చెప్పాలి?

ప్రశ్న
అందరికీ నమస్కారం. సోషియాలజీలో పీహెచ్‌డీ అయ్యాక తొలిసారి ఒక అంతర్జాతీయ గ్రాంట్‌కి ప్రపోజల్ రాస్తున్నాను. యాంటీబయాటిక్ రెసిస్టెన్స్, అంటే క్రిములు మందులకి లొంగకపోవడం, మా టీమ్ విషయం. డాక్టర్ చీటీ లేకుండా జనం యాంటీబయాటిక్స్ ఎందుకు కొంటున్నారన్నది నా భాగం. రెండు దేశాల్లో ఫీల్డ్‌వర్క్ చేయాలి. టీమ్‌లోని మైక్రోబయాలజీ వాళ్లు "అవగాహన సర్వే అని రాసెయ్, చాలు" అంటున్నారు. బడ్జెట్‌లో పదో వంతు కూడా నాకు మిగల్లేదు. మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు 1
ఆ మాట మాత్రం రాయకండి. "అవగాహన సర్వే" అన్నామంటే, జనం తెలియకే వాడుతున్నారని వెళ్లకముందే తేల్చేసినట్టు. నా ఫీల్డ్‌వర్క్‌లో ఒక కూలి పని చేసే ఆవిడ రెండు మాత్రలే కొనుక్కుంది. పూర్తి కోర్సు వేసుకోవాలని ఆవిడకి బాగా తెలుసు. "రేపు పనికి పోకపోతే కూలి ఎవరిస్తారమ్మా?" అంది. నా ప్రశ్నల కాగితంలో ఆ జవాబు రాసుకునే గడే లేదు. ఆ రాత్రే కూర్చుని ప్రశ్నలన్నీ మార్చేశాను.

ఉగాండా, థాయ్‌లాండ్‌లలో జరిగిన 'యాంటీమైక్రోబియల్స్ ఇన్ సొసైటీ' ప్రాజెక్టు చూడండి. దానికి డబ్బిచ్చింది బ్రిటన్‌లోని ఎకనామిక్ అండ్ సోషల్ రీసెర్చ్ కౌన్సిల్. వైద్యం, శుభ్రత, విశ్రాంతి సరిగా అందని చోట ఆ లోటునంతా యాంటీబయాటిక్‌తో పూడుస్తున్నారని ఆ బృందం వాదించింది. మీ పని అక్కడి నుంచి మొదలవుతుందని రాయండి.

ఇంకొకటి. మనుషులకి వాడే యాంటీబయాటిక్స్‌లో కనీసం 70 శాతం 'యాక్సెస్' గుంపులోవే (మామూలు ఇన్ఫెక్షన్లకి ముందుగా వాడదగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మందులు) ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితి డిక్లరేషన్ లక్ష్యం పెట్టుకుంది. గడువు 2030. ఆ గుంపు మందు వదిలేసి, జాగ్రత్తగా వాడాల్సిన 'వాచ్' మందు మందుల షాపు కౌంటర్ మీదకి ఎందుకొస్తోందో ల్యాబ్‌లో తేలదు. అది తెలియాలంటే అమ్మే మనిషి పక్కన రోజుల తరబడి కూర్చోవాలి. మీ బడ్జెట్ అడగాల్సింది ఆ రోజుల కోసమే.

జవాబు 2
పై ఆయన చెప్పింది నిజమండి. నేను డబ్బు సంగతి చెప్తాను. ఒకసారి మా ప్రాజెక్టు మధ్యలో ఉండగా నిధులు కోసేశారు. పేరున్న యూనివర్సిటీ వాళ్ల జీతాలు ఆగలేదు. ఊళ్లో ఇంటర్వ్యూలు చేసిన పిల్లల కాంట్రాక్టులే పోయాయి. వాళ్లకి ఆ మాట చెప్పాల్సింది నేనే. ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఫీల్డ్ టీమ్ జీతాలు, అనువాదం ఖర్చు, స్థానిక సంస్థ ఓవర్‌హెడ్స్ (ఆఫీసు నడిపే ఖర్చులు) మొదటి ఏడాదిలోనే విడిగా చూపించండి. ఒక్క దాతనే నమ్ముకోవద్దు. పేద దేశాల్లో ల్యాబ్‌లకీ, మందులకి లొంగని క్రిముల మీద నిఘాకీ అండగా ఉన్న ఫ్లెమింగ్ ఫండ్‌కే నిధులు ఆపేస్తున్నట్టు 2025లో బ్రిటన్ ప్రకటించింది. ల్యాబ్‌లకే దిక్కులేనప్పుడు మన భాగం మీద వేటు ఇంకా ముందు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. "సర్వే" తీసేసి ఆరు నెలల ఫీల్డ్‌వర్క్ అని రాశాను. రేపు టీమ్ మీటింగ్‌లో బడ్జెట్ మళ్లీ తెరవమని అడుగుతాను. టెన్షన్‌గానే ఉంది, అయినా అడుగుతాను. అమ్మే వాళ్ల పక్కన కూర్చోవడానికి ముందుగా వాళ్ల అనుమతి ఎలా తీసుకున్నారో కాస్త చెప్తారా?