ఇస్తాంబుల్ హమామ్‌కు అమ్మను తీసుకువెళ్లవచ్చా?

మూలాపేట ప్రయాణికుడు (నెల్లూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో నేను, నా భార్య, మా అమ్మ కలిసి ఎనిమిది రోజుల కోసం టర్కీ వెళుతున్నాము. చెన్నై నుంచి గల్ఫ్ మీదుగా ఇస్తాంబుల్‌కు టికెట్లు తీసుకోవడం కూడా పూర్తయింది. ప్రయాణ కార్యక్రమంలో మూడో రోజు సాయంత్రం దగ్గర ‘సంప్రదాయ హమామ్ స్నానం’ అని ఒక పంక్తి ఉంది. హమామ్ అంటే అక్కడివారి వేడి ఆవిరి స్నానశాల. మా ఇంట్లో పేచీ అంతా ఆ ఒక్క పంక్తి దగ్గరే వచ్చింది.

నా భార్యకు వెళ్లాలని ఉంది. అరవై రెండేళ్ల మా అమ్మ మాత్రం, “ఊరుగాని ఊరు పోయి, ముక్కూ మొగం తెలియని వాళ్ల చేత నీళ్లు పోయించుకునేదేంది?” అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. మా చిన్నతనంలో భోగి నాడు తెల్లవారకముందే పెరట్లో కాగు నిండా నీళ్లు కాచి, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, నలుగు పెట్టి తలంటు పోసిన మనిషి ఆమె. స్నానం అనేది ఇంటివాళ్లు ఇంట్లో చేయవలసిన పని అన్నది ఆమె అభిప్రాయం. ఆ మాటను నేను తప్పుపట్టలేను. అయితే అంత దూరం వెళ్లి, ఆమెను హోటల్ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి మేమిద్దరం వెళ్లడం కూడా నాకు నచ్చడం లేదు.

లోపల ఒంటి మీద ఏమి ఉంచుకోనిస్తారు, ఆడవారికి స్నానం చేయించేది ఆడవారేనా, భార్యాభర్తలు ఒకే చోట ఉండవచ్చునా అన్నవి నా సందేహాలు. మా అమ్మకు రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నది. ఆ వేడి ఆమెకు పడుతుందా అన్నది అన్నిటికంటె పెద్ద సందేహం. స్వయంగా వెళ్లి వచ్చినవారు చెబితే మేలు.

సంతపేట ఉపాధ్యాయిని (ఒంగోలు) సమాధానం:

నేను, మా అమ్మాయి రెండేళ్ల క్రితం చెంబెర్లితాష్ హమామ్‌కు వెళ్లాము. పేరులోనే చెంబు ఉన్నదని మా అమ్మాయి దారి పొడవునా నవ్వుతూనే ఉంది. నిజానికి ఆ పేరుకు ‘పట్టీలు వేసిన రాయి’ అని అర్థం. పక్కనే ఇనుప పట్టీలతో బిగించిన కాన్‌స్టాంటైన్ చక్రవర్తి స్తంభం ఉన్నది. హమామ్‌ను 1584లో, మూడవ మురాద్ సుల్తాన్ తల్లి నూర్‌బానూ సుల్తాన్ కోసం మిమార్ సినాన్ అనే ఆస్థాన శిల్పి నిర్మించాడు. మగవారి భాగం, ఆడవారి భాగం వేరువేరుగా ఉన్న జంట కట్టడం అది. ఆడవారి వైపు పనిచేసేవారందరూ ఆడవారే. వారిని ‘నాతిర్’ అంటారు. మగవారికి చేసేవారు ‘తెల్లాక్’.

మీ అమ్మగారి బిడియం నాకు బాగా తెలిసిన బిడియమే. లోపలికి వెళ్లగానే బట్టలు మార్చుకునే గది చూపించి, తాళంచెవితో పాటు ‘పెష్తెమాల్’ అనే పలుచని గళ్ల నేతగుడ్డ ఇస్తారు. చూడడానికి మన తుండుగుడ్డకు అక్కలాగా ఉంటుంది, కాకపోతే ఒంటి చుట్టూ కట్టుకొనేంత పెద్దది. అక్కడి ఆడవారిలో చాలామంది లోపలి కింది ఉడుపును తీయరు; మీ ఇంటి ఆడవారూ అలాగే ఉంచుకోవచ్చు. మేము ఈత దుస్తులే వేసుకొని వెళ్లాము, ఎవరూ వింతగా చూడలేదు. రుద్దేటప్పుడు గుడ్డను కొంత జరపవలసి వస్తుంది. అది ఇష్టం లేకపోతే చేతితో సైగ చేస్తే చాలు, వాళ్లకు అర్థమవుతుంది. వెంట ఒక పొడి జత తీసుకువెళ్లడం మాత్రం మరవకండి.

ఆ తరువాత వేడి గది. గుమ్మటానికి చిన్న చిన్న గాజు కన్నులు ఉంటాయి, వాటిలోంచి వెలుతురు ఆవిరిలోకి పుంజాలు పుంజాలుగా దిగుతుంది. గది నడుమ పెద్ద పాలరాతి అరుగు ఉంటుంది. దాన్ని ‘గోబెక్ తాషి’, అంటే బొడ్డురాయి అంటారు. ఊరి నడుమ బొడ్రాయి ఉండే మనకు ఆ పేరు అర్థం చెప్పించుకోవలసిన అవసరమే రాలేదు. దాని మీద పావుగంటో ఇరవై నిమిషాలో పడుకొని ఒళ్లు నానిన తరువాత, నాతిర్ వచ్చి ‘కెసె’ అనే గరుకు చేతిసంచితో తల నుంచి కాలి వరకు రుద్దుతుంది. మన బీరకాయ పీచు కంటె అది గరుకుగా ఉంటుందని నాకు అనిపించింది. ఒంటి మీది మట్టి వత్తులు వత్తులుగా రాలుతుంటే, నాకు రుద్దిన పెద్దామె దాన్ని నా కళ్ల ముందు పెట్టి చూపించి ఒక నవ్వు నవ్వింది. నలుగు పెట్టేటప్పుడు మా అవ్వ కూడా సరిగ్గా అలాగే చూపించి, “ఇన్నాళ్లూ నీళ్లు పోసుకున్నావా, పోసుకున్నట్టు నటించావా?” అని అడిగేది. సిగ్గంతా ఆ క్షణంలోనే పోయింది.

తరువాత ఒక గుడ్డ సంచిని సబ్బు నీళ్లలో ముంచి, గాలి నింపి, పైనుంచి కిందికి పిండుతారు. అందులోంచి నురగ కుప్పగా ఒంటి మీద పడుతుంది. మీ అమ్మగారికి నచ్చే మాట ఒకటి చెబుతాను. అక్కడ తొట్టిలో కూర్చొని చేసే స్నానం లేదు. గోడ వెంట ‘కుర్నా’ అనే పాలరాతి తొట్లు ఉంటాయి, వాటిలోకి నీళ్లు పారుతూనే ఉంటాయి; గిన్నెతో ముంచుకొని పైన పోసుకోవలసిందే. నిలవ నీటిలో కూర్చోవడం శుభ్రం కాదన్నది వారి నియమం కూడాను. కాబట్టి ఆ తొట్టిలో సబ్బు చేతులు పెట్టరాదు, ఒంటి మీది నీళ్లు అందులో పడనివ్వరాదు. మన పెద్దలు కాగు దగ్గర పెట్టే ఆంక్షలే ఇవి.

వీలైతే ఆమెకు ఇంకొక సంగతి చెప్పండి. పెళ్లికి ముందు పెళ్లికూతురిని చుట్టాలతో కలిసి హమామ్‌కు తీసుకువెళ్లే ఆచారం అక్కడ ఉంది. బిడ్డ పుట్టిన నలభయ్యో రోజున తల్లీబిడ్డలకు చేయించే స్నానం కూడా ఉంది. మంగళస్నానం, పురుటి స్నానం ఎరిగిన మనిషికి ఆ చోటు మరీ పరాయిగా తోచదు.

చీమకుర్తి గెలాక్సీ (ప్రకాశం జిల్లా) సమాధానం:

నేను రాళ్ల వ్యాపారంలో ఉన్నాను. ఇజ్మీర్‌లో జరిగే రాళ్ల ప్రదర్శనకు వెళ్లిన ప్రతిసారీ ఒక హమామ్ చూడకుండా తిరిగి రాను, కాబట్టి మగవారి వైపు సంగతులు చెప్పగలను. అక్కడ పెష్తెమాల్ ఒంటి మీద నుంచి తీయడం మర్యాద కాదు. మగవారి మధ్య కూడా నడుముకు గుడ్డ ఉండి తీరాలి. తెల్లాక్ చేతులు మాత్రం బలమైనవి. మొదటిసారి అతడు నా భుజాలు వంచినప్పుడు లేచి పారిపోవాలనిపించింది. ‘హమామ్‌లోకి దిగినవాడికి చెమట తప్పదు’ అని వారికొక సామెత ఉన్నది. మన ‘రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల’ అన్నమాట.

ఆ అరుగులకు వాడిన రాయిని చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. ఇస్తాంబుల్ దగ్గర మర్మరా సముద్రంలో అదే పేరుగల ద్వీపం ఉన్నది. అక్కడి బూడిద చారల తెల్ల పాలరాతిని రోమన్ల కాలం నుంచి తవ్వుతున్నారు. మన చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైటుతో పోలిస్తే అది చాలా మెత్తని రాయి. శతాబ్దాల తరబడి మనుషులు నడిచి, పడుకొని, నీళ్లు పోసుకున్న చోట్ల అది అరిగి గుంటలు పడి ఉంటుంది. ఆ గుంటల్లో సబ్బు నీరు నిలిస్తే పాదం ఆనదు. పూర్వం అందుకే ‘నాలిన్’ అనే ఎత్తు చెక్కపావలు వేసుకొనేవారట. కొన్ని చోట్ల ఇప్పటికీ ఇస్తారు. అలవాటు లేని పెద్దవారికి ఆ పావలు కూడా ప్రమాదమే, రబ్బరు చెప్పులు అడిగి తీసుకోండి. అమ్మగారిని నాతిర్ చెయ్యి పట్టుకొని నడిపించమనండి. వారు అడగకుండానే పట్టుకుంటారు కూడా.

వేడి ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, నాకు ఒక ముసలి పనివాడు నేల వైపు చూపించి ‘జెహెన్నెమ్లిక్’ అన్నాడు. అంటే నరకం ఉండే చోటు. పక్కన కొలిమిలో కట్టెలు మండించి, ఆ వేడి పొగను నేల కింద కట్టిన బోలు అరలోకి, అక్కడి నుంచి గోడల్లోని గొట్టాల గుండా పైకి పంపేవారు. రోమన్ల స్నానశాలల నుంచి వచ్చిన పద్ధతి ఇది. నరకం మీద పడుకొని సుఖపడడం అక్కడే చూశాను.

ఖర్చు విషయంలో జాగ్రత్త అవసరం. పాత నగరంలోని పేరున్న హమామ్‌లు ధరను యూరోల్లోనే చెబుతాయి. కెసె, నురగ కలిసిన మామూలు స్నానం తీసుకుంటే చాలు. నూనె మర్దన, బంకమన్ను పూత వంటివి ధరను పెంచడానికే తప్ప హమామ్‌కు అవసరమైనవి కావని నా అభిప్రాయం. ఒకసారి హోటల్ పక్కనున్న ఒక చోట నేను అడగని మర్దనను లెక్కలో కలిపి, బయటికి వచ్చేటప్పుడు చేతిలో పెట్టారు. తడి తలతో వాదించే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే ఏమేమి కావాలో లోపలికి వెళ్లకముందే తేల్చుకోండి. చేసినవారికి పదోవంతుకు తగ్గకుండా బక్షీస్ ఇవ్వడం ఆనవాయితీ.

భార్యాభర్తలు కలిసి వెళ్లే చోట్లు కొన్ని ఉన్నాయి గాని, అటువంటి కొన్నింటిలో చేయించేవారు మగవారే ఉంటారు. మీ అమ్మగారు వస్తున్నారు కాబట్టి వేరువేరు భాగాలున్న చోటునే ఎంచుకోండి. 1741లో మొదటి మహమూద్ సుల్తాన్ కట్టించిన జాలోలు హమామ్, సులేమాన్ సుల్తాన్ భార్య హుర్రెమ్ సుల్తాన్ కోసం 1556లో సినాన్ కట్టిన హమామ్ అటువంటివే. మొదటిదాన్ని అయాసోఫియా మసీదులో సుల్తాన్ పెట్టిన గ్రంథాలయానికి రాబడి కోసం కట్టించారు. స్నానాల డబ్బుతో పుస్తకాలు పోషించిన ఆలోచన మెచ్చదగినది. కిలిచ్ అలీ పాషా హమామ్‌లో ఆడవారికి పగలు, మగవారికి సాయంత్రం అని వేళలు విడదీశారు. మీ కార్యక్రమంలో సాయంత్రం అని ఉన్నది కాబట్టి, తీసుకువెళ్లేది ఏ హమామ్‌కో ముందే కనుక్కోండి.

పొగతోట వైద్యుడు (నెల్లూరు) సమాధానం:

అమ్మగారి ఆరోగ్యం గురించి మాత్రమే రాస్తాను. హమామ్ వేడి గది సాధారణంగా 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఫిన్లాండ్ వారి సౌనా అనే వేడి గదిలో ఉండే 80, 90 డిగ్రీల పొడి వేడితో పోలిస్తే ఇది తక్కువగా కనిపిస్తుంది గాని, గాలి నిండా తేమ ఉండడం వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రోహిణీ కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం నెల్లూరులో ఉన్నవారికి ఈ సూత్రాన్ని ఇంతకంటె వివరించనవసరం లేదు.

వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు తగ్గుతుంది. మాత్రలు వాడేవారిలో, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారిలో, ఇది మరింత తగ్గి, పడుకున్న మనిషి గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పాలరాతి మీద పడితే తుంటి ఎముకకే ముప్పు. కాబట్టి ఆమె అరుగు మీద పడుకోకుండా కుర్నా పక్కన కూర్చొని, పది నిమిషాలకు మించకుండా ఉండి, మధ్యలో చల్లని గదిలోకి వచ్చి నీళ్లు తాగితే మేలు. లేచేటప్పుడు ముందు కొంతసేపు కూర్చొని, ఆ తరువాతే నిలబడాలి.

మధుమేహం ఉన్నవారి విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే రాయి ఎంత కాలుతున్నదో వారికి తెలియదు, ఉదయం చూసుకొనేసరికి బొబ్బలు ఉంటాయి. ఆమె పాదాలకు తిమ్మిర్లు ఉంటే వేడి రాయి మీద చెప్పులు లేకుండా నడవనివ్వకండి, కెసెతో పాదాలు రుద్దవద్దని చెప్పండి. ఇన్సులిన్ తీసుకొనేవారిలో వేడికి ఆ మందు త్వరగా రక్తంలో కలిసి చక్కెర పడిపోవచ్చు. మీరు మాత్రలని రాశారు. కొన్ని మాత్రలతో కూడా చక్కెర పడిపోయే వీలుంది కాబట్టి, ఖాళీ కడుపుతోనూ, నిండా భోజనం చేసిన వెంటనేనూ వెళ్లకుండా, తేలికగా తిన్న గంటన్నర తరువాత వెళ్లండి. మీ భార్యగారి సంచిలో కొంచెం చక్కెరో, పండ్ల రసమో ఉంచండి.

ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు, గర్భిణులు వెళ్లకపోవడమే మంచిది. అమ్మగారికి అటువంటివి లేకపోయినా, ప్రయాణానికి ముందు ఆమెను చూసే డాక్టరుగారిని ఒకసారి అడగండి. హమామ్ కోసమని ఆ రోజు మాత్రలు మానిపించడం వంటి సొంత వైద్యం మాత్రం చేయకండి.

మూలాపేట ప్రయాణికుడు మళ్లీ రాసినది:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాల తరువాత మీ సమాధానాలన్నీ అమ్మకు చదివి వినిపించాను. బొడ్డురాయి అనగానే నవ్వింది. నిలవ నీటిలో కూర్చోరన్న మాట దగ్గర, “అట్టయితే శుభ్రమైనోళ్లే” అన్నది. నరకం మాట వచ్చినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది గాని, పది నిమిషాల తరువాత తిరిగి వచ్చి ఒక ప్రశ్న వేసింది. వాళ్ల గరుకు సంచి ఎవరెవరికి రుద్దినదో తెలియదు కాబట్టి తన బీరకాయ పీచు, డబ్బాలో సున్నిపిండి వెంట తెచ్చుకోనిస్తారా అని అడుగుతున్నది. ఉపాధ్యాయిని గారూ, ఏమి చెప్పమంటారు?

సంతపేట ఉపాధ్యాయిని సమాధానం:

పీచు నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు. అక్కడివారు కూడా ఎవరి కెసె వారు తెచ్చుకుంటారు. కావాలంటే అక్కడే కొత్తది కొనుక్కొని, తరువాత ఇంటికి తెచ్చుకోవచ్చు. సున్నిపిండి మాత్రం వద్దని చెప్పండి. తడిసిన పాలరాతి మీద ఆ పిండి పడితే వెనుక వచ్చేవారు జారిపడతారు. హోటల్ గదిలో మరునాడు ఉదయం వాడుకోమనండి.