క్రిస్మస్ లైట్ల ముందు పాప వీడియో: నల్ల గీతలు ఎందుకు?

చిట్టితల్లి నాన్న:
పాపకి ఎనిమిదో నెల. పొట్టమీద పాకుతోంది, నేడో రేపో దోగాడేలా ఉంది. ఆ మొదటి అడుగు స్లోమోషన్‌లో పట్టాలని నా ఆశ. తీరా చెట్టు లైట్ల ముందు తీస్తే వీడియో అంతా వెలిగి ఆరుతూ గీతలు పడుతోంది. లోపం ఫోన్‌దా, లైట్లదా?

షటర్ బాబాయ్:
లైట్లదేనండి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ సీరియల్ సెట్లు సెకనుకి 100 సార్లు, కొన్నయితే 50 సార్లు ఆరి వెలుగుతాయి. కంటికి ఆనదు గానీ సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లోమోషన్‌కి దొరికిపోతుంది. అందుకని స్లోమోషన్ పగలు, కిటికీ పక్కన తీయండి.

రాత్రయితే కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) మామూలు వీడియో తీయండి, షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/50 పెట్టండి. 1/100 పెడితే 50 సార్లు ఆరే సెట్లకి గీతలు పోవు. అమెరికాలో ఉంటే 60 హెర్ట్జ్ కాబట్టి 1/60. లైట్ల సెట్‌కున్న బటన్ నొక్కి, ఎప్పుడూ వెలిగే మోడ్‌లో ఉంచండి. ఫోన్ నేలమీద, పాప కంటి ఎత్తులో పెడితే ఆ బుల్లి అరచేతులు చాపమీద తపతపా పడటం ఎంత ముద్దుగా వస్తుందో!

గుంటూరు అమ్మ:
వీడియో సరే, పాప దోగాడుతూ చేరేది చెట్టు దగ్గరికే. ముందు బటన్ సెల్స్ (బిళ్ళల్లాంటి చిన్న బ్యాటరీలు) చూడండి. ఎల్ఈడీ కొవ్వొత్తుల్లో ఎక్కువగా సీఆర్2032 ఉంటుంది, 20 మిల్లీమీటర్ల బిళ్ళ. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, తడి తగిలి క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మూతకి స్క్రూ లేనివి ఇంట్లోకే తేకండి. మింగిందని అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరిగెత్తండి. మింగాక తేనె పట్టమని ఎవరైనా చెప్పినా, ఏడాది నిండని పిల్లకి పట్టొద్దు.

క్రిస్మస్‌కి పెట్టే పశువుల పాక బొమ్మల్లోని చిన్న గొర్రెపిల్లల్ని బల్లమీదికి ఎక్కించండి. చెట్టుని కిటికీ కమ్మీకి తాడుతో కట్టండి, పట్టుకుని లేస్తే మీద పడుతుంది.

చిట్టితల్లి నాన్న:
1/50తో గీతలు పోయాయి! కొవ్వొత్తులు తీసేశాం. పండగలోపు దోగాడకపోతే కంగారు పడాలా?

గుంటూరు అమ్మ:
అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల్లో దోగాడటానికి దాదాపు 5 నుంచి 13 నెలల దాకా వ్యవధి ఉంది. నూటికి నలుగురు అసలు దోగాడకుండానే నిలబడ్డారు. ఆధారం లేకుండా కూర్చోవడం తొమ్మిది నెలలు దాటినా రాకపోతే డాక్టరుకి చూపించండి. మీ పాప కూర్చుంటోందా?

చిట్టితల్లి నాన్న:
కూర్చుంటోందండి, రెండు చేతుల్తో స్టార్ కాగితం నలుపుతూ.