అప్‌డేట్: సెకండ్ హ్యాండ్ యమహా ఎఫ్310, తీగల ఎత్తు సమస్య

పాత గిటార్ కొన్నానని, తీగలు బాగా ఎత్తుగా ఉండి ఎఫ్ కార్డ్ (కొన్ని తీగలు ఒకేసారి నొక్కి వాయించే స్వరాల కలయిక) పడట్లేదని, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చెక్క పట్టీ) వెనక సన్నటి సందు కనిపిస్తోందని అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ముందు మీరు చెప్పినట్టే ఆ సందులో కాగితం దూర్చి చూశాను. అంచు దగ్గరే ఆగిపోయింది. అంటే బ్రిడ్జి లేవలేదు, పైపైన పాలిష్ ఊడిందంతే. అసలు టెన్షన్ దానితోనే తీరిపోయింది.

తర్వాత విజయవాడలో గిటార్లు బాగుచేసే ఒకాయనకి చూపించాను. 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర లావు తీగ ఎత్తు 3.5 మిల్లీమీటర్లు ఉంది. ముందు 11 గేజ్ (కాస్త సన్న రకం) తీగలు వేసి, మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని కాస్త బిగించి మెడ వంపు సరిచేశారు. ఆపైన శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పలక) అడుగు అరగదీశారు. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌లో దాదాపు ఒక మిల్లీమీటరు పోవాలి. ఎక్కువ పోతే మళ్లీ కొత్తది వేయాల్సిందే. అందుకే ఆయన కొంచెం గీకడం, తీగలు బిగించి కొలవడం, మళ్లీ గీకడం. ఎంత నెమ్మదిగా చేశారో! ఇప్పుడు ఎత్తు 2.5కి వచ్చింది, ఎఫ్ హాయిగా పలుకుతోంది.

ఒకటి మిగిలింది. మొదటి ఫ్రెట్‌లో బి తీగ కింద గాడి పడి, అక్కడ నొక్కితే జుయ్‌మంటోంది. ఫ్రెట్లు సాపు చేయిస్తే సరిపోతుందా, లేక ఆ ఒక్క ఫ్రెట్‌నీ మార్పించాలా? చేయించినవాళ్లుంటే చెప్పండి.