కెర్నల్ డిఫాల్ట్ టిక్ 250 నుంచి 1000 చేయాలా? మీరేమంటారు

మిర్చిబజ్జీ:
లినక్స్ కెర్నల్లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డిఫాల్ట్ టిక్, అంటే ప్రతి ప్రాసెసర్ కోర్‌ని సెకనుకి ఇన్నిసార్లు తట్టే టైమర్, 250 హెర్ట్జ్ తీసేసి 1000 పెడదామని 2025 మొదట్లో ఒక ప్యాచ్ పెట్టారు కదా, నా ఓటు 1000కే. 250 అంటే నాలుగు మిల్లీసెకన్లకి ఒకసారి గానీ షెడ్యూలర్ (ఏ ప్రోగ్రాంకి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో చూసేది) వచ్చి "నీ టైమ్ అయింది, దిగు" అనదు. నా మానిటర్ 120 హెర్ట్జ్, ఒక ఫ్రేమ్‌కి ఉండేదే 8.3 మిల్లీసెకన్లు, అందులో సగం టిక్ కోసం కాచుకుంటే ఇంకెప్పుడు గీస్తుంది? డిస్ట్రోల్లో (లినక్స్‌ని రెడీగా ప్యాక్ చేసి ఇచ్చేవి) ఉబుంటు వాళ్ళు 24.10 వెర్షన్‌లోనే మార్చేశారు, ఫెడోరా అయితే ఎప్పట్నుంచో 1000.

సర్వర్‌రూమ్:
తమ్ముడూ ఈ సినిమా ఒకసారి ఆడేసింది. 2.6 కెర్నల్లో 100 ని ఒకేసారి 1000 చేశారు, లాప్‌టాప్ బ్యాటరీలు అయిపోతున్నాయని గోల గోల అయితే 2005 లో 2.6.13 దగ్గర మధ్యేమార్గంగా 250 కి దించారు. ఇప్పుడు మళ్ళీ అదేనా. నా దగ్గర 64 కోర్ల మెషీన్లు ఉన్నాయి, అన్నీ బిజీగా ఉంటే సెకనుకి 48,000 ఇంటరప్ట్‌లు (చేస్తున్న పని ఆపే పిలుపులు) ఎక్స్‌ట్రా, ఎవడిస్తాడు ఆ లెక్క? పైగా వర్చువల్ మెషీన్ అయితే టిక్ వచ్చినప్పుడల్లా హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్) దాకా వెళ్ళి రావాల్సిందే చాలా చోట్ల.

కాఫీ_కప్పు:
అన్నా లెక్క కరెక్టే గానీ బ్యాటరీ సంగతి పాతబడిపోయింది. 2007 లో 2.6.21 తో టిక్‌లెస్ వచ్చాక ఖాళీగా ఉన్న కోర్‌కి టిక్కే రాదు, హాయిగా పడుకుంటుంది, 100 పెట్టినా 1000 పెట్టినా దానికి ఒకటే. బిజీ కోర్ల మీద మాత్రం మీరన్నది నిజమే, ఒప్పుకుంటా.
మిర్చి బ్రో నీది కూడా కొంచెం ఓవర్. నిద్రలేచిన టాస్క్ ప్రతిసారీ టిక్ కోసం కూర్చోదు, లేచినప్పుడే పక్కవాడిని దింపే ఛాన్స్ ఉంటుంది. ఇద్దరూ ఆగకుండా ఒకే కోర్ మీద కొట్టుకుంటున్నప్పుడే నాలుగు మిల్లీసెకన్ల బాధ. బ్యాక్‌గ్రౌండ్‌లో కంపైల్ (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే పని) పెట్టి వీడియో చూస్తే తెలుస్తుంది.

మిర్చిబజ్జీ:
నేను రోజూ చేసేది అదే 😀 డిఫాల్ట్ అనేది మార్చుకోవడం రానివాడి కోసం, సర్వర్ అన్న లాంటోళ్ళు ఎలాగూ సొంతంగా కెర్నల్ కట్టుకుంటారు.

సర్వర్‌రూమ్:
అక్కడే తప్పులో కాలేశావ్. మార్చుకోవడం రానివాడు డిస్ట్రో ఇచ్చిన కెర్నల్ వాడతాడు, ఆ నంబర్ డిస్ట్రో వాళ్ళు చూసుకుంటారు. అసలు డిఫాల్ట్ మీద పడేది ఎవరంటే చిన్న బోర్డులకి కెర్నల్ కట్టి ఆప్షన్ తెరిచి కూడా చూడకుండా పంపించేవాళ్ళు. వాళ్ళ చిన్న ప్రాసెసర్ల మీద 1000 రుద్దుతారా?

కాఫీ_కప్పు:
హ్మ్ ఇది పాయింటే. బూట్ టైమ్‌లో ఇచ్చుకునేలా ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, కానీ ఆ నంబర్ కంపైల్‌లోనే ఫిక్స్ అయిపోతుందని నమ్మి కెర్నల్ అంతా రాసేశారు, ఇప్పుడు కదిలించడం అంత ఈజీ కాదు. నాకైతే డెస్క్‌టాప్‌కి 1000, బోర్డులకి వాళ్ళ సొంత కాన్ఫిగ్‌లో 250 అలాగే వదిలేస్తే చాలు.

కొత్తబిచ్చగాడు_99:
సార్ నాది ఉబుంటు 24.10, టెర్మినల్లో గెట్‌కాన్ఫ్ అనే కమాండ్‌తో క్లాక్ టిక్ అడిగితే 100 అంటోంది, 1000 అన్నారుగా?

కాఫీ_కప్పు:
అది ప్రోగ్రాములకి చూపించే నంబర్ బాబూ, లోపల ఎంతున్నా బయటికి 100 అనే చెప్తుంది, పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని. బూట్ ఫోల్డర్‌లో నీ కెర్నల్ వెర్షన్ పేరుతో కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, అందులో హెచ్‌జెడ్ అని వెతుకు.

కొత్తబిచ్చగాడు_99:
దొరికింది సార్, 1000 🙏