చిత్తూరు నుంచి తిరుపతికి అద్దెకు వచ్చాము: పింఛను, టీకాలు, పొదుపు సంఘం, వీధి కాలువ కోసం ఎవరిని కలవాలి?

ప్రశ్న (కొత్తగా వచ్చిన నివాసి):

అందరికీ నమస్కారం. మేము చిత్తూరు గిరింపేట నుంచి తిరుపతికి వచ్చి, శేషాచలం కొండ కింద ఉన్న ఒక కాలనీలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. నా భర్త సొంత ఆటో నడుపుతారు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మాతోపాటు మా అత్తగారు, డిగ్రీ పూర్తిచేసి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మా మరిది, ఏడాదిన్నర బాబు ఉన్నారు.

మా అత్తగారికి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు వస్తుంది. అది ఇప్పటికీ చిత్తూరు సచివాలయంలోనే ఉన్నందున, ప్రతి నెలా ఒకటో తేదీకల్లా ఆమెను బస్సులో అక్కడికి తీసుకెళ్లి, పాత ఇంటి పక్కవాళ్ల అరుగు మీద కూర్చోబెట్టవలసి వస్తోంది. మోకాళ్ల నొప్పులతో ఆమె పడే అవస్థ చూడలేకపోతున్నాను. దీనికి తోడు, ఏళ్ల తరబడి చింతపండు గింజ తీసిన చేతులు కావడంతో వేలిముద్ర ఒక్కసారికి పడదు. చిత్తూరులో నేను పొదుపు సంఘంలో సభ్యురాలిని, ఇక్కడ ఎవరూ తెలియదు. బాబుకు తరువాతి టీకా ఎక్కడ వేయించాలో కూడా తేల్చుకోలేదు. వీటన్నిటితోపాటు మా వీధి కాలువ పూడిపోయి, చిన్న వానకే నీళ్లు గడప దాకా వస్తున్నాయి. ఫోనులో ఫిర్యాదు ఇచ్చాను, పని జరగకుండానే పరిష్కరించినట్లు సందేశం వచ్చింది.

ఇంటి యజమానిని అడిగితే, అద్దెకు ఉండేవారికి ఇవన్నీ వర్తించవని, పన్ను కట్టేది తానని అన్నారు. అది నిజమేనా? ఏ పనికి ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఏది ముందు చేసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (వార్డు సచివాలయంలో సంక్షేమ విభాగం చూసినవారు):

అమ్మా, మీ యజమాని చెప్పింది సరికాదు. ఆస్తిపన్ను ఇంటికి సంబంధించినది, పింఛను మనిషికి సంబంధించినది. అద్దెకు ఉన్నారన్న కారణంతో ఏ సచివాలయమూ మిమ్మల్ని తిప్పి పంపకూడదు. అయితే మీ కుటుంబం ప్రభుత్వ రికార్డులో ఇంకా గిరింపేటలోనే ఉంది. మీ ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే.

2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ మొదలైనప్పటి నుంచి, పట్టణాల్లో సుమారు నాలుగు వేల జనాభాకు ఒక వార్డు సచివాలయం చొప్పున ఏర్పాటు చేసి, ఒక్కో కుటుంబాన్ని ఒక్కో సచివాలయానికి జతచేశారు. దీనినే మేము హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటాము. ఇల్లు మారినంత మాత్రాన అది దానంతట అది మారదు, మీరు అడిగితేనే మారుతుంది. కాబట్టి ముందుగా మీ వీధి ఏ సచివాలయం పరిధిలోకి వస్తుందో పక్కింటివారిని అడిగి తెలుసుకోండి. ఆ సచివాలయం పేరు, కోడ్ ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కోడ్ లేకుండా పింఛను బదిలీ కోసం చిత్తూరు సచివాలయానికి వెళితే ప్రయాణం వృథా అవుతుంది.

పింఛను బదిలీకి పింఛను ఐడీ, ఆధార్, కొత్త సచివాలయం వివరాలు కావాలి. ఆధార్‌లో పాత చిరునామా ఉంటే ముందు దానిని మార్చుకోవడం మంచిది. మీ అత్తగారి పేరుతో అద్దె ఒప్పందం ఉండదు కదా, ఆమె పేరున చిరునామా రుజువు ఎక్కడి నుంచి తేవాలని మీకు సందేహం రావచ్చు. ఆ అవసరం లేదు. మీ భర్త ఆధార్‌లో తిరుపతి చిరునామా నమోదైన తరువాత, ఆయనను కుటుంబ పెద్దగా చూపి, ఆయన సమ్మతితో తల్లి ఆధార్‌లో కూడా అదే చిరునామా వేయించవచ్చు. ఆన్‌లైన్‌లో పెడితే ఆ సమ్మతిని ఆయన 30 రోజుల్లోపు ఇవ్వాలి, లేకపోతే అభ్యర్థన రద్దవుతుంది. అందుకే ముందు ఆయనది, తరువాత ఆమెది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. మ్యాపింగ్ మారేటప్పుడు కుటుంబ అర్హతల పరిశీలన మళ్లీ ముందుకు రావచ్చు. పట్టణంలో నెలకు 12,000 రూపాయలలోపు ఆదాయం, సగటున 300 యూనిట్లలోపు విద్యుత్ వాడకం, 1,000 చదరపు అడుగులలోపు సొంత కట్టడం, నాలుగు చక్రాల సొంత వాహనం లేకపోవడం వంటివి చూస్తారు. ఆటో దీనికి అడ్డు కాదు. అద్దె ఇళ్లలో వచ్చే చిక్కంతా కరెంటు మీటరుతోనే. ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు ఉండి, ఆ మీటరుకు పొరపాటున మీ ఆధార్ జతపడితే, ఇంట్లోని అందరి వాడకమూ మీ లెక్కలోకి వస్తుంది. మీటరు ఎవరి ఆధార్‌తో ముడిపడి ఉందో ముందే అడిగి తెలుసుకోండి. ఉన్నది ఉన్నట్లు చెప్పండి, ఏదీ దాచవద్దు. దాచినది తరువాత బయటపడితే పింఛను ఆగిపోతుంది, తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

బదిలీ పూర్తయ్యే లోపల ప్రతి నెలా ఆమెను బస్సు ఎక్కించవలసిన పనిలేదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెలలో మూడు నెలల మొత్తాన్నీ కలిపి ఇస్తారు. మూడో నెల కూడా దాటనివ్వకండి. ఒకటో తేదీ సెలవు రోజైతే ముందు రోజే పంపిణీ జరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. వేలిముద్ర పడనివారికి ఫోనులో ముఖం చూపించి గాని, కంటిపాప ద్వారా గాని ధ్రువీకరించే వీలుంది. చేతులు కడిగి, తుడిచి, పదే పదే నొక్కించి పెద్దావిడను విసిగించకుండా, ముఖం ద్వారా తీసుకోమని మీరే గట్టిగా అడగండి. అది ఆమె హక్కు.

రేషను కోసం కంగారుపడవద్దు. రైస్ కార్డు ఎక్కడిదైనా రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాల్లోనే, నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు ఇస్తున్నారు.

సమాధానం 2 (విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి):

పింఛను గురించి పై మిత్రులు చెప్పింది సమగ్రంగా ఉంది. నేను కాలువ గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం దానితోనే గడిచింది.

మీ ఫిర్యాదు పని జరగకుండానే ముగిసిపోవడానికి, అది తప్పు శీర్షిక కింద నమోదు కావడం ఒక కారణం అయి ఉండవచ్చు. కాలువలో పూడిక ఉంటే అది పారిశుద్ధ్య విభాగం పని. సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి, ఆయన పైన శానిటరీ ఇన్‌స్పెక్టరు, వీధిలో పని చేయించే మేస్త్రి చూస్తారు. కాలువకు వాలు సరిగా లేకపోయినా, గోడ కూలినా, కల్వర్టు ఇరుకైనా అది ఇంజనీరింగ్ విభాగం పని. దానిని సచివాలయంలోని ఎమినిటీస్ (వసతుల) కార్యదర్శి ద్వారా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దృష్టికి తీసుకెళ్లాలి. వాలు లేని కాలువ మీద పూడిక అని ఫిర్యాదు చేస్తే, ఇద్దరు కార్మికులు వచ్చి రెండు తట్టలు మట్టి తీసి వెళతారు, ఫిర్యాదు ముగుస్తుంది, వారం తిరిగేసరికి నీరు మళ్లీ నిలుస్తుంది. ఆ కార్మికులను తప్పుపట్టడానికి లేదు, వారికి చెప్పిన పని వారు చేశారు.

అందువల్ల ముందు ఏది లోపమో మీరే చూసుకోండి. వాన వెలిసిన మరునాడు ఒక పొడవాటి కర్రను కాలువలో అడుగు తగిలేదాకా దించండి. గట్టు నుంచి మెత్తటి బురద ఎంత లోతులో తగిలింది, ఆ కింద గట్టి అడుగు ఎంత లోతులో తగిలింది అన్నది కర్ర మీదే సుద్దతో గుర్తుపెట్టి, వీధి మొదట, మధ్యలో, చివర ఇలాగే చేసి ఫొటోలు తీయండి. బురద మందంగా ఉంటే పూడిక. బురద లేకుండానే నీరు నిలిచి ఉంటే, పైగా వీధి చివర అడుగు పైకి వచ్చి ఉంటే, వాలు లోపం. ఈ ఫొటోలు జతచేసిన అర్జీని తేలికగా పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం.

ఫిర్యాదు ఇవ్వడానికి 1100 నంబరు ఉంది, 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ 95523 00009 ఉంది, పురసేవ యాప్ ఉంది. కాని ఒకసారి ముగించేసిన ఫిర్యాదుకు, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వీధివారు నలుగురైదుగురు కలిసి స్వయంగా వెళ్లి అర్జీ ఇవ్వడమే మేలు. రసీదు నంబరు తప్పక తీసుకోండి. పని జరగకుండా ముగిస్తే, అదే నంబరు మీద తిరిగి తెరవమని అడగండి. కొత్త ఫిర్యాదు ఇస్తే పాత ఆలస్యం రికార్డులో కనబడకుండా పోతుంది. అప్పటికీ కదలిక లేకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ వీధి కాలువలో చివరిసారి పూడిక తీసిన తేదీ, దానికి ఖర్చుపెట్టిన మొత్తం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మన ఊరికి సంబంధించి కాలం కూడా ముఖ్యం. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. 2021 నవంబరులో కొండ మీద నుంచి దిగిన నీరు వీధులను ముంచెత్తిన తీరు చూసినవారెవరూ మరచిపోలేరు. అర్జీ ఆగస్టులో ఇస్తే పనికి వ్యవధి ఉంటుంది. నవంబరులో ఇస్తే ఊరంతా అదే అడుగుతూ ఉంటుంది.

నివాసుల వైపు నుంచి కూడా ఒక మాట. కాలువ మీద గచ్చు పోసి, బండి ఎక్కించుకోవడానికి ర్యాంపు కట్టిన ఇళ్లు ఉంటే, దాని కింద పూడిక తీయడం మనిషి వల్ల కాదు. తీయడానికి వీలైన బండలు వేయించమని యజమానులతో మర్యాదగా మాట్లాడండి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి బండికే ఇవ్వండి. మన ఊరి చెత్త శుద్ధి జరిగేది తూకివాకం దగ్గర. కాలువలో పడిన కవరు అక్కడిదాకా చేరదు, మీ గడప ముందే ఆగుతుంది.

సమాధానం 3 (కొర్లగుంట నివాసి):

మీ మరిదిగారి గురించి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది, అది పన్నులో రూపాయికి 8 పైసలు. మీరు కట్టే అద్దెలో ఆ భారం ఎంతో కొంత ఉన్నట్లే. కాబట్టి పౌర గ్రంథాలయానికి ఆయన సంకోచం లేకుండా వెళ్లవచ్చు. దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు అక్కడే కూర్చుని చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఓటు బదిలీకి ఫారం 8 పెట్టమని ఇంట్లో పెద్దలందరికీ చెప్పండి. ఓటు ఈ డివిజన్‌లో ఉన్న కుటుంబం మాటకు కార్పొరేటరుగా నిలబడేవారు ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. మీ భర్తగారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేని రోజుల్లో అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు తినవచ్చు, అక్కడ చిరునామా అడగరు.

సమాధానం 4 (పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మాలో ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్):

చెల్లీ, కొత్త ఊరిలో ఎవరూ తెలియదని రాశావు, చదివి మనసుకు బాధ కలిగింది. సంఘం ఉన్న చోట ఆ మాట ఎక్కువ రోజులు నిలవదు.

ఒక ఆధార్ మీద ఒక సంఘంలోనే సభ్యత్వం ఉంటుంది. కాబట్టి చిత్తూరులో నీ అప్పు బాకీ ఉంటే ముందు తీర్చు. తరువాత సంఘం సమావేశంలో నీ పేరు తొలగిస్తున్నట్లు, నీ పొదుపు వాటా నీకు ఇచ్చినట్లు తీర్మానం రాయించి, దాని నకలు తెచ్చుకో. ఆ కాగితం లేకుండా వచ్చిన సభ్యురాలి పేరు ఇక్కడ ఆన్‌లైన్‌లో ఎక్కదు, నెలల తరబడి నానుతుంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. పాత సంఘంలో ఎవరైనా తప్పుకుని ఖాళీ ఉంటే అందులో చేరవచ్చు, లేకపోతే మీ వీధిలో నీలాగే అద్దెకు వచ్చిన పదిమంది కలిసి కొత్త సంఘం పెట్టుకోవచ్చు. నా సలహా రెండోదే. పాత సంఘంలో పాత అప్పుల లెక్కలు, పాత మనస్పర్థలు ఉంటాయి. కొత్తగా మొదలుపెడితే ఆరు నెలలు సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ క్రమం తప్పకుండా చూపించగలిగితే బ్యాంకు హామీ అడగకుండా అప్పు ఇస్తుంది. పుస్తకాన్ని మాత్రం ఎవరికీ వదిలిపెట్టకు. కుట్టు లెక్కలు రాసుకునేదానివి, నువ్వే రాయి. అప్పు మొత్తం, వాయిదా, ఎవరు తెచ్చారు అన్నది ప్రతి సమావేశంలోనూ చదివి వినిపించి సంతకాలు తీసుకుంటే, ఆ సంఘంలో తగవు పుట్టదు.

బాబు విషయంలో ఆలస్యం చేయవద్దు. మీకు దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. చిత్తూరులో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఇక్కడా చెల్లుతుంది, అదే తీసుకెళ్లు. అదే కేంద్రంలో మీ అత్తగారికి బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ కార్యకర్తను కలిసి, చిత్తూరు కేంద్రం నుంచి బాబు పేరు ఇక్కడికి మార్చమని అడుగు. గుడ్లు, పాలు, బాలామృతం ఇక్కడే అందుతాయి. ఇవేవీ మ్యాపింగ్ మారేదాకా ఆగవలసినవి కావు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ బుధవారం బాబును తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళతాము. నా భర్త ఆధార్ మార్పు మొదలుపెట్టి, సచివాలయం కోడ్ తీసుకున్న తరువాతే చిత్తూరు వెళ్లి, పింఛను బదిలీ, సంఘం తీర్మానం ఒకే ప్రయాణంలో పూర్తిచేసుకుంటాను. మా వాటా మీటరు గురించి యజమానిని అడిగాను, మూడు వాటాలకు ఒకటే మీటరు అన్నారు. అది ఆయన ఆధార్‌తోనే ఉందని సచివాలయంలో లిఖితపూర్వకంగా నిర్ధారించుకునే వీలుందా?

సమాధానం 1 ఇచ్చినవారు:

ఉందమ్మా. కరెంటు బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు తీసుకెళ్లండి. మీ కుటుంబ సభ్యుల ఆధార్‌లలో దేనికైనా ఆ నంబరు జతపడి ఉందేమో సచివాలయంలో చూసి చెబుతారు. పొరపాటున జతపడి ఉంటే, యజమాని పేరున ఉన్న బిల్లు నకలు, మీ అద్దె ఒప్పందం జతచేసి తొలగించమని అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. మ్యాపింగ్ మార్పుకు పెట్టే ముందే ఈ పని చేయండి, తరువాత కాదు.